నీక్యాపులు

వారానికి నా పీరియడ్లు రెండు.
ఒకటి లెక్కల సారు తీసుకుంటాడు, అడగకుండా.
పబ్లిక్ పరీక్షలు దగ్గరపడితే రెండోదీ ఆయనదే.
అందుకే తెల్లారుజాము నాలుగున్నరకి
అలిపిరి మెట్ల మీద నేర్పినా ఆట.

మునిలత చెప్పులు తల్లి బంకు కింద విడిచి
ఒట్టికాళ్లతో గాలిగోపురం దాకా పరిగెత్తేది.
మెట్టుమెట్టుకీ పసుపు పెడతా వంగిన ఆడవాళ్లు
లేచి దారిచ్చి, నెత్తిన చెయ్యి పెట్టి
"ఏం మొక్కు బిడ్డా?" అంటే
"రైడింగు, పెద్దమ్మా" అనేది, ఆగకుండా.

వాళ్లమ్మ సుబ్బులు అమ్మేది ఆ పసుపే.
పొట్లం పదిరూపాయలు, కర్పూరం వేరే.
ఆడపిల్లకి చెడుగుడు ఏందని ఏడాది సణిగి
స్టేట్ టీముకి పోతే మోకాళ్ల మెట్టు మోకాళ్లతో ఎక్కుతానని
నాకు చెప్పకుండా మొక్కేసింది.

సెలక్షన్ రోజు గ్రౌండులో
కొత్త మ్యాటు చుట్ట చుట్టినట్టే ఉంది.
దాని మీద మొదటి కాలు ఆయనది కావాల.
ఫ్లెక్సీలో అప్పటికే తొడ కొడతా ఉన్నాడు, మెడలో కండువా.
తొమ్మిదికన్నాడు. పన్నెండుకి కాలుగంట తక్కువలో వచ్చినాడు.
అందాకా పిల్లలు ఎండలో వరసగా,
చేతుల్లో బంతిపూల పళ్లేలు.
పొద్దున నేను వేడెక్కించిన కండలు
నిలబడిన చోటే బిగుసుకుపోయినాయి.
"పది నిమిషాలు వార్మప్పు సార్" అన్నా.
"ఒక్క రైడు చూసి పోతాడంట మేడం.
మీ పిల్లే బాగా ఆడతాది గదా."
నేను మునిలత వైపు తిరిగి "పో" అన్నా.

ఒక్క రైడు.
బోనస్ గీత మీద ఎడమకాలు మోపి తిరిగింది.
పచ్చి చింతబరిక విరిచినట్టు చప్పుడు.
కూత మాత్రం ఆగలేదు, నేల మీద పడినాక కూడా.
వాళ్లు చప్పట్లు కొడతానే ఉన్నారు.

సర్టిఫికెట్ వచ్చింది.
ఆయన ఫోటో అరచెయ్యంత, పిల్ల పేరు చీమంత,
అదీ మునిలలిత అని.
పాల్గొన్నదే గాని గెలిచింది కాదు,
కాలేజీ కోటాకి చెల్లదన్నారు.

బర్డ్ ఆస్పత్రి వరండా, టోకెన్ నలభైరెండు.
డాక్టరు ప్లాస్టిక్ మోకాలు తిప్పి చూపించినాడు:
ఈ నరం లాంటిది తెగింది. తొమ్మిది నెలలు.
"నొప్పిగా ఉంటే ఆడనని చెప్పొచ్చు గదా పాపా?"
మునిలత నన్ను చూడలేదు.
నేను ఆ పిల్లకి అన్ని పట్లూ నేర్పినా,
ఆ ఒక్క మాట తప్ప.

వీధిలో ఎవరన్నా పరిగెత్తితే కిటికీ మూసేస్తాదంట.
రాత్రిళ్లు నిద్ర లేదంట.
సుబ్బులు చెప్పి, మొక్కు తీర్చాలంది.
"సెలెక్ట్ కాలేదు గదా?"
"కాలు నిలిచింది గదా మేడం.
లెక్కలు నాకు రావు. బాకీ తెలుస్తాది."

ఆ శనివారం వెంట పోయినా.
మోకాళ్ల మెట్టు దగ్గర కుచ్చిళ్లు ఎగగట్టి
సంచిలోంచి తీసింది కూతురి నీక్యాపులు.
నల్లవి. ఒకటి ఆస్పత్రిలో కత్తిరించింది,
పిన్నీసులు పెట్టి కలిపింది.
"ఇవి లేకుండా ఎక్కితే మాట్లాడనంటాది మేడం."

వెనకెప్పుడో ఒక ఆచార్యులు
ఈ కొండని కాలితో తొక్కరాదని మోకాళ్లతో ఎక్కినాడంటారు.
ఆయన మోకాళ్లు ఎవరు చూసినారో.

ఫోను నా చేతిలో.
తెర మీద మునిలత, కర్పూరం డబ్బాల నడుమ,
ఎన్నో నెలల తరవాత గొంతు పెంచి:
"బరువంతా ఒకే పక్క వెయ్యొద్దమ్మా.
ఊపిరి బిగబట్టొద్దు. కూత పెట్టు."
సుబ్బులు గోవిందా అనింది.
"ఆపకుండా అను. ఆపితే అవుటు."
గోవింద గోవింద గోవింద గోవింద
సన్నగా, ఎదుటి కోర్టులోకి పోయినట్టు.

పదకొండో మెట్టు మీద ఆగింది.
మోకాలు పట్టుకుని నా మొహం చూసింది.
విజిల్ నా మెడలోనే ఉంది.
పో అనలేదు నేను. ఆగమనడం చేతకాలేదు.

ఫోనులోంచి ఆ పిల్లే అనింది:
"కూర్చోమ్మా. టైమవుట్. నీళ్లు తాగు.
సామి యాడికీ పోడు."

పసుపు పెట్టుకుంటా వస్తున్న ఒకామె
సుబ్బులు కూర్చున్న మెట్టు వదిలేసి
పై మెట్టుకి వంగింది.